చెవిటి మేస్త్రి జేబులో చాకు

ఇటివ్వు, చూద్దాం. అలా కాదు అమ్మడూ, తెరిచిన చాకు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, మూసి ఇవ్వాలి. ఆఁ, అదీ. నెమ్మదిగా మూశావు, మంచిది. నా ఒళ్ళో ఈ గుడ్డ మీద పెట్టు. మీ తాత పోయి ఎన్నేళ్ళు, ఇరవై రెండా? ఇరవై మూడు. సరే, ఇరవై మూడేళ్ళూ మీ అమ్మ బట్టల బీరువాలో పడుకుందన్నమాట ఇది. నూనె రాసి, గుడ్డలో చుట్టి, తడి తగలకుండా పెట్టింది చూశావా, మేస్త్రి కూతురు మరి. ఏమిటీ? కొంచెం గట్టిగా చెప్పు తల్లీ. ఈ చెవి మిషను పెట్టుకున్నాననే గానీ నువ్వు గొంతులో గొంతులో మాట్లాడితే నాకు దోమ తిరిగినట్టుంటుంది. ఆఁ, ఆ కార్డా. చదివాను. చాకులు పోగుచేసేవాళ్ళ సంఘం, వచ్చే నెలలో ప్రదర్శన, నడిమధ్య ఒక అద్దాల పెట్టె, అందులో ‘చెవిటి మేస్త్రి సొంత చాకు’. కింద ‘చేసినవారు’ అని ఒక గీత, దాని కింద ‘నిర్ధారించినవారు’ అని ఇంకో గీత. ఆ రెండో గీత మీద సంతకం పెట్టడానికి ఆ కార్ఖానాలో పనిచేసినవాడు ఒకడు కావాలి, బతికున్నది నేనొక్కణ్ణి, అందుకని రెండు బస్సులు మారి ఈ ముసలాణ్ణి వెతుక్కుంటూ వచ్చావు. లేకపోతే వచ్చేదానివా? నవ్వకు. కోపం లేదులే. మీ అమ్మమ్మ నాకు అక్క, నువ్వు ఎప్పుడొచ్చినా నా ఇంటి పిల్లవే. కానీ సంతకం ఇప్పుడే పెట్టమంటే పెట్టను. పిడి చూస్తే మా బావ పనే. కొమ్ము పిడి, ఈ రివెట్ల తలలు చూడు, వేలితో తడిమితే ఎక్కడున్నాయో తెలియదు, ఇంత నునుపుగా చెయ్యడం ఆ కార్ఖానాలో ఇంకొకడికి రాదు. అయినా సరే, చాకును చూసి సంతకం పెట్టకూడదు, విని పెట్టాలి. విని కూడా ఒకసారి తప్పు సంతకం పెట్టినవాణ్ణి నేను. మళ్ళీ పెట్టను. నీ బస్సు అయిదింటికి కదా, బోలెడు టైముంది. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో.

ఆ సంఘంవాళ్ళలో ఒకాయన ఆమధ్య నా దగ్గరికి వచ్చాడులే. పెద్దమనిషి, కళ్ళజోడు, చేతిలో తోలు పెట్టె. పెట్టె తెరిస్తే లోపల ముఖమల్ గుడ్డ మీద పద్నాలుగు చాకులు, అన్నీ మా కార్ఖానావే, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ‘ఒక్కటి కూడా వాడలేదండీ, కొన్ననాటి నూనె అలాగే ఉంది’ అన్నాడు గర్వంగా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడల్ని తెచ్చుకుని గదిలో పెట్టి తాళం వేసి, మా కోడలు ఎంత నెమ్మదస్తురాలో అని పదిమందికీ చెప్పుకున్నట్టుంది. చాకు అన్నది జేబులో అరగాలమ్మా. ఉత్తరాలు పంచేవాడి దగ్గర చిన్నది ఉండేది, ఒకే బ్లేడుది, కట్టల తాళ్ళు తెంచడానికి. పంతులుగారి దగ్గర రెండు బ్లేడులది, ఒకటి పెన్సిళ్ళకు, ఒకటి పళ్ళకు. ఆ రెండో దాన్ని ఆయన మామగారు అడిగినా ఇచ్చేవాడు కాదు. పడవవాళ్ళకు మొద్దు ముక్కుది కావాలి, పడవ ఊగినప్పుడు మొన వెళ్ళి తొడలో దిగకుండా. తోటల్లో అంట్లు కట్టేవాళ్ళకు పల్చటి నిటారు బ్లేడు. ఇన్ని రకాల్లోనూ అందరికీ ముద్దొచ్చింది ఏది అంటే, ఇదిగో, ఇలాంటిదే. మూడున్నర అంగుళాల పిడి, ఒకే బ్లేడు, లోపల ఇత్తడి రేకులు, బ్లేడు మీద గోరు దూర్చడానికి గాడి. ఇంతే. ఈమధ్య బొత్తాం నొక్కితే ఎగిరి తెరుచుకునేవి వస్తున్నాయట, మా బావ చూసి ఉంటే, ‘పిలవకుండా వచ్చేవాడు చుట్టమూ కాదు, ఎగిరివచ్చేది చాకూ కాదు’ అనేవాడు. ఆయన మాటలు అలాగే ఉండేవి, తక్కువ, కానీ తగలాల్సిన చోట తగిలేవి.

ఏం చెప్తున్నానూ? ఆఁ, వినడం. మా కార్ఖానాలో చాకుకి రెండే గుణాలు చూసేవాళ్ళం, నడక, మాట. తెరిచేటప్పుడు బ్లేడు ఎక్కడా తడబడకుండా రావాలి, అది నడక. మూసేటప్పుడు చివర్లో స్ప్రింగు దాన్ని లోపలికి లాక్కుని టక్ మంటుంది, అది మాట. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అలా, గదికి ఆ చివర ఉన్నవాడికి కూడా ఒక్కటే, తేటగా వినపడాలి. మా బావ పేరుపడ్డది ఆ మాటకే. ఆయన కూర్చినది మూసి చూసుకుని కొనేవాళ్ళు కొట్టుకి వచ్చి, ‘మాట్లాడే చాకు ఇవ్వండి’ అని అడిగేవాళ్ళు. మరి అలాంటివాడికి చెవులు పోయాయమ్మా. పదకొండేళ్ళు సుత్తి మరల పక్కన కూర్చున్నాడు, ముప్పై నాలుగో ఏట ఒక చెవి, ముప్పై ఆరుకి రెండోది. ఒకరోజు ఇంట్లో మా అక్క పళ్ళెం కింద పడేసిందట, ఇల్లు దద్దరిల్లింది, ఈయన తల తిప్పలేదట. అక్క మా ఇంటికొచ్చి నట్టింట్లో కూర్చుని ఏడ్చింది. ‘ఆఖరి బల్ల మీద కూర్చునే మనిషికి చెవులు లేకపోతే ఎవరు ఉంచుకుంటార్రా’ అని. ఆఖరి బల్ల అంటే, చాకులన్నీ తయారై, పెట్టెల్లోకి వెళ్ళే ముందు ఒక్కొక్కటీ తెరిచి మూసి చూసే బల్ల. అక్కడ మా బావ. యజమాని కబురు విన్నాడు, వచ్చి ఎదురుగా నిలబడి, పెదాలు సాగదీసి సాగదీసి, ‘వినపడని వాడివి మాట ఎలా చూస్తావయ్యా’ అని అడిగాడు. మా బావ ఒక చాకు తీశాడు, దాని వీపును ఇదిగో ఇక్కడ, చెవి కింద దవడ ఎముకకు ఆనించాడు, పదును బయటికి పెట్టి, మూశాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి, పక్కన పెట్టాడు. మూడోది మూసి, యజమాని చేతిలో పెట్టి, ‘దీనికి రివెట్టు వదులు’ అన్నాడు. యజమాని ఊపి చూశాడు, ఏమీ లేదు. విప్పి చూపించమన్నాడు. విప్పితే వెంట్రుకవాసి వదులు. ఎముకతో వింటున్నాడమ్మా మనిషి. మనకు చెవిలోకి వెళ్ళేది ఆయనకు దవడలోంచి వెళ్ళేది.

అయినా యజమానికి ధైర్యం చాలలేదు. వ్యాపారస్తుడు, పదిమందీ ఏమంటారో అని భయం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు చాకులు మూయిస్తున్నాడని ఊళ్ళో నవ్వుకోరూ? అందుకని, మేస్త్రి పక్కన చెవులున్నవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టాలి అన్నాడు. మేస్త్రి దవడ ఒప్పుకోవాలి, వీడి చెవి ఒప్పుకోవాలి, చిట్టీ మీద వీడు సంతకం పెట్టాలి. ఆ చెవులున్నవాణ్ణి నేను. అప్పటికి ఇరవై ఆరేళ్ళు నాకు, రెండు ఉద్యోగాలు పోగొట్టుకుని మూడోదాని కోసం చూస్తున్నాను. బావమరిది బతక కోరతాడు అంటారు గానీ, మా విషయంలో బావే బావమరిది బతక కోరి నన్ను పెట్టించాడు. కార్ఖానాలో నా పేరు ఏమిటనుకున్నావు? ‘అద్దె చెవి’. పొద్దున్నే గేటు దగ్గర కాపలావాడు, ‘ఏం అద్దె చెవీ, రాత్రి శుభ్రంగా కడుక్కున్నావా’ అనేవాడు. స్ప్రింగులు కాచే ఆయన ఉండేవాడు, కొలిమాయన అనేవాళ్ళం, ఆయనైతే దగ్గరికొచ్చి నా చెవిలో ఊది వెళ్ళేవాడు, తుప్పు పట్టకుండానట. పడ్డాను, అన్నీ పడ్డాను. లోపల మాత్రం గర్వంగా ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి, మేస్త్రి కన్నా నాకు ఒకటి ఎక్కువుంది కదా అనుకునేవాణ్ణి. మా బావ అది కనిపెట్టాడు. ఒకరోజు బల్ల మీద వంగి నాతో, ‘ఒరేయ్, వినపడటం వేరు, వినడం వేరు’ అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. చెవిటివాడు వచ్చి నాకు వినడం నేర్పుతున్నాడని.

అప్పుడు వచ్చింది ఆ తోటలవాళ్ళ బేరం. మూడువందల చాకులు, అంటు కట్టేవి. నీకు తెలుసో లేదో, అంటు కట్టేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలోనే ఉంటాయి. స్ప్రింగు గట్టిగా పట్టి ఉంచాలి, అది చచ్చిందంటే బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడుతుంది. ఆ వారం మా బావకు జ్వరం, నాలుగు రోజులు రాలేదు. యజమాని నా బల్ల దగ్గరికొచ్చి, ‘నువ్వున్నావు కదా, విను, వినేసి పెట్టెలు కట్టించు’ అన్నాడు. విన్నాను. ఏం మాటలమ్మా అవి, ఒక్కొక్కటీ మూస్తుంటే తుపాకీ పేలినట్టు, టక్కు టక్కు మని, కార్ఖానా అంతా పని ఆపి చూశారు. ఇంత గొప్ప మాట మా బావ చాకులక్కూడా ఎప్పుడూ లేదు. మూడువందలకీ సంతకం పెట్టాను, రొమ్ము విరుచుకుని. పెట్టెలకు మేకులు కొడుతుండగా ఈయన వచ్చాడు, తలకు మఫ్లరు చుట్టుకుని, గడ్డం పెరిగి. ఒక పెట్టె విప్పించాడు. ఒకటి దవడకు పెట్టి మూశాడు. మొహం చిట్లించాడు, పుచ్చిపోయిన పన్ను మీద కొరికినట్టు. ‘ఇది మాట్లాడటం లేదు, అరుస్తోంది’ అన్నాడు. యజమాని, ‘అరిస్తే మంచిదేగా, గట్టి స్ప్రింగు’ అన్నాడు. మా బావ బల్ల మీద కూర్చుని ఆ చాకును తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. మేమంతా చుట్టూ నిలబడ్డాం. యాభై అయింది, వంద అయింది, యజమాని గడియారం తీసి చూసుకుంటున్నాడు, లారీ బయట నిలబడి ఉంది. నూట నలభైయ్యో ఎంతో, టప్ మని స్ప్రింగు రెండు ముక్కలు. అంతసేపు కొయ్యలా ఉన్న బ్లేడు తలుపు రెక్కలా ఊగింది. కాచిన స్ప్రింగుల్ని ముంచడానికి కొలిమాయన కొత్త నూనె వాడాడట ఆ వారం, స్ప్రింగులు మరీ గట్టిపడిపోయాయి, గాజులా. గట్టిది కదా అని నేను మురిసిపోయింది అందుకే. నిండు కుండ తొణకదని చిన్నప్పట్నుంచీ విన్నవాణ్ణే నేను, చాకుకి కూడా వర్తిస్తుందని తోచలేదు.

సరే, యజమాని తలపట్టుకున్నాడు. ఇప్పుడు మూడువందల్లో మంచివేవి, చెడ్డవేవి? అన్నీ నూట నలభైసార్లు మూసి చూస్తే మంచివి కూడా పాతబడతాయి. మా బావ మూడు రోజులు అడిగాడు. జ్వరం పూర్తిగా తగ్గకుండానే ఆ బల్ల మీద కూర్చుని మూడువందలూ దవడతో విన్నాడు. ఒక్కొక్కటి అయిదుసార్లు, ఆరుసార్లు. లోపల సన్నటి పగులు ఉంటే ఎముకలో గరగర మంటుందట, నాకు పెట్టి చూపించాడు, నాకేం తెలియలేదు. మూడో రోజుకి ఈ పక్కంతా నల్లగా కమిలిపోయింది. వాచి, నోరు తెరవడానికి లేదు, మా అక్క గంజి చేసి గొట్టంతో తాగించింది. పాపం, దాని బాధ అది పడుతుంటే, వీధిలో వాళ్ళు మాత్రం మా అక్క కొట్టిందనుకున్నారు. పక్కింటావిడ వచ్చి, ‘ఎంత కోపమొస్తే మాత్రం మగవాణ్ణి మొహం మీద కొడతారా’ అని బుద్ధి చెప్పి వెళ్ళింది. మీ అమ్మమ్మ ఊరుకునే మనిషా, ‘దవడకే కొట్టానండీ, చెవులకు కొట్టి లాభం లేదని’ అంది. ఈ మాట కార్ఖానాదాకా వచ్చి నెల రోజులు నవ్వుకున్నారు. చివరికి మూడువందల్లో నలభై ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఆ నలభై ఒకటీ ఏం చేశాడో తెలుసా? బల్లకున్న ఇనప పట్టులో, అదే వైసులో, బిగించి ఒక్కొక్కటీ విరిచేశాడు. యజమాని, ‘పిడులైనా పనికొస్తాయి, స్ప్రింగు మారిస్తే చాలు’ అంటూనే ఉన్నాడు. ‘ఒకసారి చెడ్డదని తేలాక అది మన గుమ్మం దాటకూడదు. ఎవడి వేలు ఎవడిస్తాడు’ అన్నాడు. మిగతా రెండువందల యాభై తొమ్మిదీ తోటలకు వెళ్ళాయి. వాటిలో ఒక్కటి విరిగిందని కబురు రాలేదమ్మా, నేను పనిలో ఉన్నన్నాళ్ళూ రాలేదు. ఒకసారి బస్సులో ఎవరో తోటమాలి పండు కోసుకుంటుంటే చూశాను, అదే చాకు, బ్లేడు అరిగి సూదిలా అయిపోయింది. మూశాడు, టక్. బస్సంతా వినపడింది. ఇది మా బావది అని పక్కవాడికి చెప్పాను. వాడు టిక్కెట్టు సంగతనుకుని జేబు తడుముకున్నాడు.

అప్పట్నుంచీ అది కార్ఖానాలో చట్టం. చెడ్డదైతే విరవాల్సిందే, ఎవరు చేసినా సరే. తను చేసినవే ఏడాదికి పది పన్నెండు విరిచేవాడు. యజమాని అల్లుడు సరదాకి ఒకటి చేసి తెచ్చాడు, వెండి రేకుల పిడితో, అతని ఎదురుగానే విరిచాడు. ఆ అల్లుడు తరవాత ఆరు నెలలు మా వైపు చూడలేదు. ఇంకో సంగతి చెప్తాను, ఇది నీకు తమాషాగా ఉంటుంది. ఊరంతా వినేట్టు మాట్లాడే చాకులు చేసినవాడు, తన జేబులో చాకును, ఇదిగో దీన్నే, ఎప్పుడూ చప్పుడు చేస్తూ మూసి ఎరగడు. రెండు వేళ్ళతో బ్లేడు వీపు పట్టుకుని, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు, నెమ్మదిగా, నెమ్మదిగా. పెన్సిలు చెక్కినా అంతే, పండు కోసినా అంతే. ‘నన్నెప్పుడైనా ఇంత జాగ్రత్తగా చూసుకున్నాడా’ అనేది మీ అమ్మమ్మ. మేమంతా ఏమనుకునేవాళ్ళమంటే, వినపడదు కదా, చప్పుడుతో ఆయనకేం పని అని. ఎవరికీ చేతికిచ్చేవాడు కూడా కాదు. ఒకసారి నేను దారం తెంచుకోవడానికి అడిగితే, చాకివ్వలేదు, దారం ఇటివ్వమని తనే తెంచి ఇచ్చాడు. నాకు కొంచెం రోషం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇంతోటి చాకు మేం ముట్టుకుంటే మాసిపోతుందా అనుకున్నాను. అంతకుముందే ఆయన మీద నాకు ఒక కోపం ఉంది, దాని మీద ఇదొకటి.

ఏం కోపమా? అది... ఎవరికీ చెప్పలేదులే. మీ అమ్మమ్మకు కూడా తెలియదు. ఆ తోటల బేరం అయ్యాక నాకు పట్టుదల వచ్చింది, వినడం కాదు, చేసి చూపించాలని. పైకి అనలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ బయట నీడన కూర్చుంటే నేను లోపల మూల బల్ల దగ్గర ఆకురాయి పట్టుకుని కూర్చునేవాణ్ణి. నాలుగు నెలలు పట్టింది. బ్లేడు మొదట్లో, రివెట్టు చుట్టూ తిరిగే భాగం ఉంటుందే, దాన్ని మడమ అనేవాళ్ళం, ఆ మడమను స్ప్రింగు మీద సరిగ్గా దొర్లేట్టు గుండ్రంగా రుద్దడం, అదే ప్రాణం. రుద్దాను, మళ్ళీ రుద్దాను. పిడికి విరిగిన కుర్చీ కోడు దొరికింది, దాన్ని చెక్కి వేశాను. తీసుకెళ్ళి బావ ముందు పెట్టాను. ఎవరు చేశారని అడగలేదు, నా వేళ్ళ మీద గీతలు చూశాడు, తెలిసిపోయింది. దవడకు పెట్టాడు, మూశాడు. మళ్ళీ మూశాడు. ‘దీనికి నత్తి’ అన్నాడు. అంటే ఏమిటంటే, చివర్లో టక్ అని ఒక్క మాట రావాలి కదా, నా దానికి ముందు సన్నగా టిక్, తరవాత టక్. మడమ మూల ఒక చోట మిగిలిపోయింది. ‘ఆకురాయితో మూడు గీతలు గీస్తే పోతుంది. కానీ ఆ మూడూ నువ్వే గీయాలి, నేను గీయను’ అన్నాడు. నాలుగు నెలలు, అమ్మడూ. బాగుందిరా అని ఒక్క మాట. ఆ ఒక్క మాట ఉంటే ముప్పై గీతలు గీసేవాణ్ణి. నేనేమన్నానంటే, ‘చెడ్డదే కదా, అయితే విరిచెయ్యి, నీ చట్టం నీకుందిగా’ అన్నాను. ఆయన పెదాలు చూసి చదువుతాడు కదా, చదివాడు. సరే అని దాన్ని పని బట్టల జేబులో వేసుకుని, ‘సాయంత్రం విరుస్తాను’ అన్నాడు. సాయంత్రం నేను గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల వైసు బిగిసిన చప్పుడు వినపడింది. టప్ మంది. నా చెవులతో విన్నాను. ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఇక ఆకురాయి ముట్టుకోలేదు, అంతే. తరవాత పాతికేళ్ళు ఆ బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నాను, విన్నాను, సంతకాలు పెట్టాను. ఎవరైనా అడిగితే, మా బావ చేతిలో విద్య ఉంది, నాకు చెవులే ఉన్నాయి అనేవాణ్ణి. అదీ నవ్వుతూనే అనేవాణ్ణి. ఆయన పక్కన కూర్చున్నానంటే చాలదూ, ఇంకేం కావాలి మనిషికి. ఆ చెవులు కూడా ఇప్పుడు ఇలా అయ్యాయి, అది వేరే సంగతి.

టీ పెట్టావా, అక్కడ పెట్టు, తాగుతాను. మీ అబ్బాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళా? చాకు చూపించడానికే భయమంటావేమిటి. పిల్లలకు పెన్సిలు చెక్కే మర ఒకటి కొనిచ్చి, మీరంతా పక్కన కూర్చుని భయపడుతూ ఉంటారు. వేలు తెగుతుందనే కదా. తెగుతుంది, ఒకసారి తెగుతుంది, తరవాత చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది. సరే సరే, నీ పిల్లాడు, నీ ఇష్టం. అయినవాళ్ళకు దూరంగా వేరే ఊళ్ళో పెంచుకుంటున్నావు, నీ భయం నీకుంటుంది. ఇక నీ పని చూద్దాం, లేకపోతే నా కబుర్లలో నీ బస్సు పోతుంది. కలం ఎక్కడ? ఇక్కడే ఉంది. కార్డు ఈ బల్ల మీద పెట్టు. ముందు ‘చేసినవారు’ దగ్గర నువ్వే రాయి, నా అక్షరాలు వణుకుతాయి. ఉండుండు, ఇప్పుడే కాదు. అన్నాను కదా, వినకుండా వద్దు. చెవి మిషను తీసేస్తాను, అది అడ్డం. బావ చేసినట్టే చెయ్యాలి, నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టే. ఇలా తెరిచి... నడక బాగుంది, ఇన్నేళ్ళ తరవాత కూడా, చూశావా. వీపు ఇటు, దవడకు. పదును బయటికి. నువ్వు కంగారు పడకు, పక్కకు జరుగు.

ఊఁ.

ఉండు. ఇంకోసారి.

ఏమీ కాలేదు, తెగలేదు. మాట్లాడకు కాసేపు, ఎలాగూ నాకు వినపడదు. ఇంకోసారి మూస్తాను. అరిగింది, బాగా అరిగింది, కానీ ఉంది. ఇదిగో, ఇక్కడ. టిక్... టక్. నీ దవడకు పెట్టి చూడు. ఆ, తెలిసిందా, రెండు. మొదటిది సన్నగా, తరవాతది. కుర్చీ కోడు తీసేసి కొమ్ము పిడి వేశాడన్నమాట. ఈ రివెట్లన్నీ విప్పాడంటే మడమ చేతిలోకి వచ్చే ఉంటుంది, ఆకురాయి పక్కనే ఉండి ఉంటుంది. మూడు గీతలు. గీయలేదు. మరి ఆ సాయంత్రం ఏది విరిచాడో, ఎవరిది విరిచాడో. నేను గోడ పక్కన ఉన్నట్టు తెలుసేమో ఆయనకు.

ఆ కార్డు మీద మీ తాత పేరు రాయకమ్మా. రాశావా? కొట్టెయ్యి. ఇది మీ తాత చేసింది కాదు. నేను చేసింది. అలా చూస్తావేం, వాళ్ళకు ఆ మాటే చెప్పు, ప్రదర్శన మధ్య పెట్టె ఖాళీగా ఉంటే ఉంటుంది. చట్టం ప్రకారం ఇది గుమ్మం దాటకూడనిది, ఆయనే దాటించి, బతికినన్నాళ్ళు జేబులో మోసుకు తిరిగాడు. ఎవరికీ వినపడకుండా మూస్తూ. మీవాడికివ్వు దీన్ని. ముందు మూయడం నేర్పు, రెండు వేళ్ళతో, మీ తాతలాగా. ఆ అలమర కింద అరలో రేకు డబ్బా ఉంటుంది, అందులో ఆకురాయి ఉండాలి, ఒకసారి తెచ్చి... ఆఁ, అదే. ఇటివ్వు.

వద్దులే. మళ్ళీ అక్కడే పెట్టెయ్యి. టీ చల్లారిపోయినట్టుంది, కొంచెం వేడి చేసి తెస్తావా?